పాత ప్లగ్‌ను పారేసే ముందు ఒకసారి చదవండి

మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థులకు ఒక ప్రశ్న. మిగతా బ్రాంచీల వాళ్లూ ప్రయత్నించొచ్చు. నిన్న సాయంత్రం దాకా బాగా తిరిగిన జెట్ స్కీ ఈ రోజు పొద్దున స్టార్ట్ అవుతోంది కానీ వణుకుతోంది. థ్రాటిల్ నొక్కితే వేగం అందుకోవట్లేదు. మూడు సిలిండర్ల ఇంజిన్. స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూస్తే రెండు లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. మూడోది తడిగా ఉంది, కొన దగ్గర తుప్పు మరక కనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

“మూడూ కొత్తవి వేసేస్తాను సార్.” ఎక్కువ మంది ఇచ్చే జవాబు ఇదే. కొత్తవి వేస్తే ఆ రోజుకు బండి నడవొచ్చు కూడా. కానీ ఆ మూడో సిలిండర్‌లోకి తడి ఎలా వచ్చిందో తెలుసుకోకుండా ప్లగ్ మారిస్తే, రేపో ఎల్లుండో అదే తడి మళ్లీ వస్తుంది. ఈసారి ప్లగ్‌తో పోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్ ఖరీదు వందల్లో ఉంటుంది. ఇంజిన్ ఖరీదు లక్షల్లోకి వెళ్తుంది.

ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న ఇంజినీరు వెతికేది ఈ తేడానే. పార్ట్ మార్చగలిగే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఆధారం చూపించి చెప్పగలిగే వాళ్లు తక్కువ. ఆ అలవాటు నేర్చుకోవడానికి ఖరీదైన కోర్సు అక్కర్లేదు. బొటనవేలంత స్పార్క్ ప్లగ్ చాలు. జెట్ స్కీ ఉదాహరణతో అదెలాగో చూద్దాం.

జెట్ స్కీనే ఎందుకు?

విశాఖ రుషికొండ తీరంలోనో, విజయవాడ భవానీ ద్వీపం దగ్గరో మీరు వీటిని చూసే ఉంటారు. ‘జెట్ స్కీ’ నిజానికి కవాసాకి కంపెనీ ట్రేడ్‌మార్క్. యమహా తన వాటిని వేవ్‌రన్నర్ అంటుంది. కెనడాకు చెందిన బీఆర్‌పీ సీ-డూ పేరుతో అమ్ముతుంది. అందరికీ వర్తించే పేరు పర్సనల్ వాటర్‌క్రాఫ్ట్. మన వాడుకలో మాత్రం అన్నీ జెట్ స్కీలే.

దీనికి బయట తిరిగే ప్రొపెల్లర్ ఉండదు. ఇంజిన్ లోపల ఒక ఇంపెల్లర్‌ను తిప్పుతుంది. అది అడుగు నుంచి నీటిని లాక్కుని వెనక నాజిల్ గుండా బలంగా చిమ్ముతుంది. ఆ తోపుడుతోనే బండి ముందుకు దూసుకెళ్తుంది. ఒకప్పుడు ఇవన్నీ టూ స్ట్రోక్ ఇంజిన్లే. 2002లో యమహా ఎఫ్ఎక్స్140తో ఫోర్ స్ట్రోక్ మొదలైంది. ఇప్పుడు వస్తున్న వాటిలో సీ-డూ స్పార్క్‌కు 899 సీసీ రోటాక్స్ ఇంజిన్, యమహా ఈఎక్స్‌కు 1049 సీసీ ఇంజిన్ ఉంటాయి. రెండూ మూడు సిలిండర్లవే.

బైక్ ఇంజిన్‌తో పోలిస్తే దీని బతుకు కష్టం. గేర్‌బాక్స్ లేదు. బైక్‌లా న్యూట్రల్‌లో జారుకుంటూ పోవడం లేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పంపుల అఫినిటీ సూత్రాలు చదివే ఉంటారు. పంపు వేగం రెట్టింపైతే అది అడిగే పవర్ దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే 7,000, 8,000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ పూర్తి బరువు మోస్తూ పరిగెడుతుంది. ఆ వెంటనే ఒడ్డుకొచ్చి తర్వాతి కస్టమర్ కోసం ఐడిల్‌లో నిలబడుతుంది. పైగా మూసి ఉన్న పడవ పొట్టలో కూర్చుంటుంది. చుట్టూ తేమ, ఉప్పు గాలి. ఇంత తేడా భరించాల్సిన ప్లగ్ మీద ఇంజిన్ పడ్డ కష్టమంతా అచ్చుపడుతుంది. అందుకే చదవడం నేర్చుకోవడానికి ఇది మంచి పుస్తకం.

ప్లగ్ చేసే రెండు పనులు

స్పార్క్ ఇవ్వడం ఒక్కటే ప్లగ్ పని అనుకుంటాం. రెండోది కూడా ఉంది. తన కొనకు తగిలిన వేడిని సిలిండర్ హెడ్‌లోకి దింపడం. కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పడ్డ మసి తనంతట తాను కాలిపోతుంది. 870 డిగ్రీలు దాటితే స్పార్క్ పడకముందే ఆ ఎర్రటి కొనే మిశ్రమాన్ని అంటించేస్తుంది. అదే ప్రీ ఇగ్నిషన్. ఈ రెండు హద్దుల మధ్య ప్లగ్‌ను ఉంచేదే హీట్ రేంజ్.

ఇంకో సంగతి. రోడ్డు పక్క షెడ్డులో ప్లగ్ విప్పి, బాడీకి ఆనించి, “చూడు, స్పార్క్ వస్తోంది, ప్లగ్ బాగానే ఉంది” అనడం చూసే ఉంటారు. బయట గాలిలో దూకిన స్పార్క్ లోపల కంప్రెషన్ కింద దూకుతుందన్న గ్యారంటీ లేదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో చెప్పిన సూత్రం ప్రకారం గ్యాప్‌లో విద్యుత్తు దూకడానికి కావాల్సిన వోల్టేజీ ఆ గ్యాప్ పొడవు, అక్కడి ఒత్తిడి రెండింటి మీదా ఆధారపడుతుంది. ఇంజిన్ పనిచేసే పరిధిలో ఏది పెరిగినా వోల్టేజీ ఎక్కువ కావాలి. ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్ ఐడిల్‌లో బాగానే ఉండి, ఫుల్ థ్రాటిల్‌లో మిస్ కొట్టేది ఇందుకే. ఫస్టియర్ ఫిజిక్స్ పాఠం ఇక్కడ కళ్లముందు కనబడుతుంది.

ముందు భద్రత, తర్వాతే పానా

జెట్ స్కీ ఇంజిన్ గది మూసి ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. అందుకే బండిని నీళ్లలోంచి ట్రాలీ మీదికి తెచ్చాక సీటు తీసి కాసేపు గాలాడనివ్వాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్ విప్పితే మరలు దెబ్బతింటాయి. డ్రైవర్ మణికట్టుకు తగిలించుకునే సేఫ్టీ తాడు తీసేయాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి.

మరో మాట గట్టిగా చెప్పాలి. ఆ గదిలో ప్లగ్‌ను బాడీకి ఆనించి స్పార్క్ చూడొద్దు. ఆవిరి ఉన్న చోట మీరే నిప్పు పెట్టినట్టు అవుతుంది. కాయిల్, ఈసీయూ కూడా పాడవొచ్చు. స్పార్క్ చూడాల్సిందే అయితే దానికి టెస్టర్ ఉంది. గాలాడిన తర్వాత, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే వాడాలి.

విప్పే వరసలోనే సగం పని

ప్లగ్ గుంతలో ఇసుక, ఉప్పు పలుకులు ఉంటాయి. ముందు కంప్రెషర్ గాలితో ఊదాలి. కాయిల్‌నో, క్యాప్‌నో కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి. వైరు పట్టుకుని లాగకూడదు. ప్లగ్ సైజుకు సరిపోయే, లోపల రబ్బరు ఉన్న సాకెట్ వాడాలి. లేకపోతే పింగాణీ పగులుతుంది. ఒక చుట్టు వదులు చేశాక ఆగి మళ్లీ గాలి ఊదాలి. అప్పుడు పూర్తిగా విప్పాలి. ఈ రెండోసారి ఊదడం చాలామంది వదిలేస్తారు. మరల సందులో ఇరుక్కున్న ఇసుక నేరుగా సిలిండర్‌లో పడేది అప్పుడే.

విప్పిన ప్లగ్‌లను ఒక గిన్నెలో కలిపి వేయొద్దు. ఒక అట్టముక్కకు మూడు బెజ్జాలు పెట్టి 1, 2, 3 అని రాసి వరసగా గుచ్చండి. వెంటనే ఫోన్‌తో ఫొటో తీయండి. ఏది ఏ సిలిండర్‌దో పోయిందంటే మీ చేతిలో ఉన్న సాక్ష్యంలో సగం పోయినట్టే. ఎమరీ పేపర్‌తో గీకి తుడవడం కూడా అప్పుడే వద్దు. ముందు చూడాలి. తుడిచేస్తే చూడ్డానికి ఏం మిగలదు.

ఏ రంగు ఏం చెబుతుంది?

లేత గోధుమ లేదా బూడిద రంగు, పొడిగా: దహనం సరిగా జరుగుతోంది. హీట్ రేంజ్ సరిపోయింది.

పొడి నల్ల మసి: పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. గాలి దారి మూసుకుపోయిందా, ఇంజెక్టర్ కారుతోందా, బండి ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంటోందా, స్పార్క్ బలహీనంగా ఉందా అని చూడాలి.

నల్లగా, జిడ్డుగా నూనె తడి: టూ స్ట్రోక్‌లో అయితే ఆయిల్ పాళ్లు ఎక్కువయ్యాయేమో. ఫోర్ స్ట్రోక్‌లో అయితే రింగులు, వాల్వ్ గైడ్లు అరిగాయేమో, ఆయిల్ ఎక్కువ పోశారేమో. బండి నీళ్లలో తిరగబడిందా అని కూడా అడగాలి. తిరగబడినప్పుడు ఆయిల్ పోకూడని దారిలోకి పోతుంది.

పెట్రోల్ వాసనతో తడి: ఇంధనం వచ్చింది, నిప్పు అంటలేదు. ప్లగ్ చచ్చిందా, కాయిల్ చచ్చిందా, స్టార్టర్ అదేపనిగా కొట్టి ఫ్లడ్ చేశారా?

తెల్లగా, బొబ్బలు తేలినట్టు: అతి వేడి. పెట్రోల్ తక్కువగా వస్తుండొచ్చు, కూలింగ్ నీటి దారిలో నాచో ఇసుకో అడ్డుపడి ఉండొచ్చు, హీట్ రేంజ్ తప్పు ప్లగ్ వేసి ఉండొచ్చు. ఎలక్ట్రోడ్ కరిగి ఉంటే ఇక ఆ బండిని కారణం తేలేదాకా నడపొద్దు.

ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగి, గ్యాప్ పెరిగి: మామూలు వయసు. ఇది రోగం కాదు, ప్లగ్ మార్చే సమయం వచ్చిందంతే.

నీటి చుక్కలు, తుప్పు, తెల్లటి ఉప్పు పొర: ఇది బైక్‌లలో అరుదు, జెట్ స్కీలో ముఖ్యం. దీని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

కొనే కాదు, పైభాగం కూడా చూడాలి. పైన లోహం తుప్పు పట్టి ఉంటే తేమ ప్లగ్ గుంతలోకి దిగుతోందన్న మాట. తెల్ల పింగాణీ మీద సన్నటి నల్ల గీత నిలువునా ఉంటే కరెంటు గ్యాప్‌లో దూకకుండా బయటి నుంచే జారిపోతోంది. అదే పింగాణీ అడుగున చుట్టూరా లేత గోధుమ మరక ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. అధిక వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె తుంపరలు అంటుకోవడం వల్ల వచ్చే కరోనా మరక అది. దాన్ని చూసి గ్యాస్ లీకవుతోందని కంగారుపడి మంచి ప్లగ్‌లు పారేసే వాళ్లున్నారు.

అన్నీ ఒకేలా ఉన్నాయా? ఒక్కటే వేరుగా ఉందా?

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. ఒక్క ప్లగ్‌ను చూసి తీర్పు చెప్పొద్దు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకేలా నల్లబడితే కారణం మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంటుంది. గాలి దారి, ఇంధన ఒత్తిడి, సెన్సర్, నడిపే తీరు. ఒక్కటే తేడాగా ఉంటే కారణం ఆ ఒక్క సిలిండర్‌కే ఉన్న చోట ఉంటుంది. దాని కాయిల్, దాని ఇంజెక్టర్, దాని వాల్వ్, దాని దగ్గరి గ్యాస్‌కెట్. అనుమానితుల జాబితా ఒక్క చూపుతో సగానికి తగ్గిపోతుంది.

కాయిల్ మీద అనుమానం ఉంటే కొత్తది కొననక్కర్లేదు. ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి మార్చండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. లోపం కాయిల్‌తోపాటు రెండో సిలిండర్‌కు వెళ్లిందా, కాయిల్‌దే తప్పు. ఒకటో సిలిండర్‌లోనే ఉండిపోయిందా, కాయిల్ నిర్దోషి. ఒకసారి ఒక్క మార్పే చేయాలన్నది ఇక్కడి నియమం. ప్లగ్, కాయిల్, ఫిల్టర్ మూడూ ఒకేసారి మార్చి “రిపేరైంది” అంటే, ఏది రిపేరు చేశారో మీకే తెలియదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రెండు ప్లగ్‌లు పొడి, ఒకటి తుప్పుతో తడి. నీరు ఒక్క సిలిండర్‌లోకే వచ్చింది. గ్యాస్‌కెట్ లీకై ఉండొచ్చు. కానీ దానికంటే ముందు ఇంకో మాట అడగాలి. “నిన్న సాయంత్రం బండి కడిగిందెవరు? ఎలా కడిగారు?”

సముద్రం నుంచి వచ్చిన జెట్ స్కీకి పైపు తగిలించి మంచినీటితో లోపలి కూలింగ్ దారులు కడుగుతారు. దానికొక వరస ఉంది. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాత నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయాలి, లోపలి నీటిని ఎగ్జాస్ట్ బయటికి తోసేశాక ఇంజిన్ ఆపాలి. నీళ్లు లేకుండా మాన్యువల్ చెప్పిన కొద్ది సెకన్లకు మించి నడపకూడదు. ఈ వరస తప్పి, ఇంజిన్ ఆగిపోయాక కూడా కుళాయి తిరుగుతూ ఉంటే నీరు ఎగ్జాస్ట్‌లో నిండి వెనక్కి వస్తుంది. ఆ సమయానికి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్‌లోకి దిగుతుంది. రెండు పొడి, ఒకటి తడి ఎందుకో అర్థమైంది కదా!

ఏది నిజమో ఎలా తేల్చాలి? ప్లగ్‌లన్నీ విప్పి, మాన్యువల్ చెప్పినట్టు ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, స్టార్టర్‌తో తిప్పి నీటిని బయటికి తోసేయాలి. తిప్పేటప్పుడు ప్లగ్ బెజ్జాల మీదికి వంగి చూడొద్దు. ప్లగ్‌లు బిగించి ఉండగా స్టార్టర్ కొడితే మాత్రం ప్రమాదం. నీరు గాలిలా నొక్కుకోదు. పైకొచ్చే పిస్టన్‌కు దారి లేక రాడ్ వంగుతుంది. దాన్నే హైడ్రో లాక్ అంటారు. డిప్‌స్టిక్ కూడా తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కిందికీ చేరింది, ఆయిల్ మార్చాలి. తర్వాత కంప్రెషన్ పరీక్ష చేసి, సరైన వరసలో నడిపి, మళ్లీ ప్లగ్ విప్పి చూడాలి. పొడిగా ఉంటే తప్పు కడగడంలో జరిగింది. మళ్లీ తడిస్తే గ్యాస్‌కెట్ దగ్గరికి వెళ్లాలి. మొదటిదే అయితే అక్కడ మార్చాల్సింది కుళాయి తిప్పే వరస. పైసా ఖర్చు లేని ఆ రిపేరు, మూడు కొత్త ప్లగ్‌లు కొన్నవాడికి ఎప్పటికీ దొరకదు.

కొత్త ప్లగ్ వేసేటప్పుడు

ముందు నంబరు చదవండి. ఎన్‌జీకే బీఆర్8ఈఎస్ అని ఉందనుకుందాం. పాత టూ స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ‘బీ’ అంటే 14 ఎంఎం మర. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది. రేడియో గోలను అది తగ్గిస్తుంది. ఈసీయూ ఉన్న బండికి అది లేని ప్లగ్ వేస్తే కొత్త తలనొప్పులు మొదలవుతాయి. ‘8’ హీట్ రేంజ్. ‘ఈ’ అంటే మర పొడవు 19 ఎంఎం. పొడవు తక్కువైతే స్పార్క్ గుంతలో ఉండిపోతుంది, ఎక్కువైతే పిస్టన్‌కు తగలొచ్చు. డీసీపీఆర్8ఈ అయితే మర 12 ఎంఎం. ఎన్‌జీకేలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్, ఛాంపియన్‌లలో దీనికి తలకిందులు. “ఎనిమిదికి ఎనిమిదే కదా” అని వేరే కంపెనీది వేస్తే ఇంజిన్ ఒప్పుకోదు.

గ్యాప్‌ను గేజ్‌తో కొలవాలి. ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. సరిచేయాల్సి వస్తే పక్క ఎలక్ట్రోడ్‌నే మెల్లగా వంచాలి. మధ్య ఎలక్ట్రోడ్ మీద బలం పెట్టొద్దు. ఇరిడియం ప్లగ్ కొన సన్నగా ఉంటుంది, దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

మర ఎక్కించడం చేత్తోనే. మొదటి చుట్లలోనే బిగువుగా అనిపిస్తే ఆపి, విప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. పానాతో బలవంతం చేస్తే హెడ్ మరలు పోతాయి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 ఎంఎం ప్లగ్‌కు ఎన్‌జీకే చెప్పేది 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం ప్లగ్‌కు 15 నుంచి 20. బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. మరలకు గ్రీజు లాంటిది పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు ప్లగ్ ఎక్కువ బిగుస్తుంది. మాన్యువల్ అడిగితే తప్ప పూయొద్దు. క్యాప్ లోపలి అంచుకు కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు పూస్తే ఉప్పు తేమ లోపలికి దిగదు.

చివరిగా హవర్ మీటర్ చూసి ఎన్ని గంటలకు మార్చారో రాసిపెట్టాలి. ఇక్కడ కిలోమీటర్ల లెక్క లేదు, గంటల లెక్కే. ఆ రాత లేకపోతే వచ్చే సారి విప్పిన ప్లగ్ వయసెంతో చెప్పలేం. వయసు తెలియని అరుగుదలకు అర్థం లేదు.

రంగు సాక్షే, తీర్పు కాదు

పాత కార్బురేటర్ ఇంజిన్లలో రంగు చాలా చెప్పేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి ఫోర్ స్ట్రోక్‌లో అంత సూటిగా చెప్పదు. పైగా బండి నిండు వేగంతో తిరిగినా, ఒడ్డుకు నెమ్మదిగా వచ్చి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంటే ఆ ఐదు నిమిషాల మసే పైన కనిపిస్తుంది. కాబట్టి రంగు చూసి ఒక అంచనాకు రండి. కంప్రెషన్, ఇంధన ఒత్తిడి, ఈసీయూ ఎర్రర్ కోడ్‌లతో దాన్ని సరిచూసుకోండి. ఇంటర్వ్యూలో కూడా “ఇదే కారణం సార్” అనే కంటే, “ఇది కారణం కావచ్చు, నిర్ధారించడానికి ఫలానా పరీక్ష చేస్తాను” అనే జవాబుకే మార్కులు ఎక్కువ పడతాయి.

ఇది ఎవరికి పనికొస్తుంది?

నిజం మాట్లాడుకుందాం. మన రాష్ట్రాల్లో జెట్ స్కీ మెకానిక్ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటికోసం పోటీ పడమని చెప్పట్లేదు. వాటర్ స్పోర్ట్స్ రంగం మీదే ఆసక్తి ఉంటే గోవాలో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ పవర్‌బోట్ నడపడం, లైఫ్ సేవింగ్ లాంటి కోర్సులు నేర్పుతోంది. కానీ ఈ చూసే పద్ధతి పనికొచ్చే చోట్లు ఇంతకంటే చాలా ఎక్కువ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వీధుల్లో ఎన్‌డీఆర్ఎఫ్ పడవలు తిరగడం టీవీల్లో చూశాం. అలాంటి రబ్బరు పడవలను నడిపేవి అవుట్‌బోర్డ్ మోటార్లు. పెట్రోల్‌తో నడిచే ప్రతి మోటారులోనూ స్పార్క్ ప్లగ్ ఉంటుంది. మేడ మీద పిల్లల్ని పట్టుకుని ఎదురుచూస్తున్న కుటుంబం దగ్గరికి వెళ్లే పడవ మధ్యలో ఆగిపోతే, ఆ ప్లగ్‌ను చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఎలా చూశారన్నది చిన్న విషయం కాదు. తీరంలో జెట్ స్కీ ఎక్కిన టూరిస్టు విషయంలోనూ అంతే. అలల అవతల ఇంజిన్ ఆగితే అతడి చేతిలో లైఫ్ జాకెట్ తప్ప ఏమీ ఉండదు. మెయింటెనెన్స్ ఉద్యోగాన్ని రెండో రకం ఉద్యోగంగా చూసే వాళ్లు ఈ మాట ఆలోచించాలి.

“నేను సాఫ్ట్‌వేర్‌కు వెళ్తున్నా కదా, నాకెందుకు?” అంటారా? సర్వర్ పడిపోగానే లాగ్ చదవకుండా రీస్టార్ట్ కొట్టేవాడు, ప్లగ్ చూడకుండా మార్చేవాడు ఒకే తరగతి. అన్ని మెషీన్లలో వస్తోందా, ఒక్కదాంట్లోనే వస్తోందా అన్నది ప్రొడక్షన్ సపోర్ట్‌లో మొదటి ప్రశ్న. ఒకసారి ఒకే మార్పు అన్నది డీబగ్గింగ్‌లోనూ మొదటి నియమం.

ఈ వారమే మొదలుపెట్టండి

జెట్ స్కీ అందుబాటులో లేదని ఆగొద్దు. మీ ఇంట్లో పెట్రోల్ స్కూటీ ఉంటుంది, మీ వీధిలో మెకానిక్ షెడ్డు ఉంటుంది. ఆదివారం వెళ్లి అన్నను మర్యాదగా అడగండి. పారేయబోయే ప్లగ్‌లు ఇవ్వమనండి. ఆ బండి ఏ కంప్లయింట్‌తో వచ్చిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, చివరికి ఏం చేస్తే బాగుపడిందో అడిగి రాసుకోండి. ఫొటో, మీ అంచనా, అసలు కారణం అని మూడు గడులతో ఇరవై ప్లగ్‌లకు ఒక నోట్‌బుక్ తయారు చేయండి. అంచనా తప్పిన చోట ఎందుకు తప్పిందో కూడా రాయండి. రెజ్యూమేలో “ఐసీ ఇంజిన్లపై మంచి పట్టు ఉంది” అని అందరూ రాస్తారు. బల్ల మీద ఆ నోట్‌బుక్ పెట్టినవారితో ఇంటర్వ్యూ వేరేగా నడుస్తుంది. అడిగే ప్రశ్నలు మీ పుస్తకంలోంచే వస్తాయి.

చదువు పూర్తయిన వాళ్లు నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ చూడండి. ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు స్టైపెండ్‌తో ఏడాది శిక్షణ దొరుకుతుంది. సర్టిఫికెట్ కోసమే వెళ్తే సర్టిఫికెట్టే వస్తుంది. పాడైన పార్టును చేతిలోకి తీసుకుని “ఇదెందుకు పోయింది?” అని రోజూ అడిగే వాళ్లు ఆ ఏడాదిలో చాలా సంపాదించుకుంటారు.

కాలేజీల యాజమాన్యాలకూ ఒక మాట. ల్యాబ్‌లో కోసి రంగులేసిన ఇంజిన్ మోడల్ ఉంది, మంచిదే. దాని పక్కన చెడిపోయిన ప్లగ్‌ల పెట్టె ఒకటి పెట్టండి. ఊళ్లోని షెడ్లు ఉచితంగానే ఇస్తాయి. వైవాలో ఆటో సైకిల్ బొమ్మ గీయమనే బదులు ఆ పెట్టెలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టి, “దీని కథ చెప్పు” అనండి. బట్టీ పట్టిన వాళ్లెవరో, అర్థం చేసుకున్న వాళ్లెవరో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు ఆ పని బయట కంపెనీ ఇంటర్వ్యూ బోర్డు చేయాల్సిన అవసరం ఉండదు.